తడవని బకెట్

సెబియో గోళ్ళ సందుల్లో నీలం రంగు ఉంది. గదిలోకి వెళ్ళగానే నా కళ్ళు వాటి మీదే పడ్డాయి. మనిషి మాత్రం తలెత్తలేదు. బేడీలు వేసిన చేతులతో కాగితం గ్లాసును గోకుతూ కూర్చున్నాడు.

మా ఊరు టర్న్‌స్టోన్‌లో పోలీసు ఔట్‌పోస్టంటే నాలుగు కుర్చీలు, ఒక కాఫీ మిషను. కౌంటీ డిటెక్టివ్ థాడ్ రెన్‌ఫ్రో నన్ను లోపలికి పంపి తలుపు ఓరగా వేశాడు. దయ తలచి కాదు. నేను లాగిన కూపీ తాను బయట నిలబడి ఏరుకోవచ్చని.

సంగతి ఊరందరికీ తెలిసిందే. నిన్న సాయంత్రం ఫైర్ స్టేషన్ ఆవరణలో చేపల విందు జరిగింది. మిస్ యూడోరా క్విన్‌బీ ఎప్పటిలాగే తాను చేసే నిమ్మకాయ ‘పై’ అనే తీపిరొట్టె అమ్ముతూ చివరిదాకా అక్కడే ఉంది. ఇంటికి వెళ్ళి చూస్తే ఎండగదిలో గాజుతొట్టి ఉంది, అందులోని వెండిముద్ద లేదు.

స్పెయిన్ రాజుగారి ఓడలు మూడు వందల ఏళ్ళ కిందట మా తీరంలో తుఫానుకు చిక్కి మునిగాయి. మెక్సికో టంకశాలలో సుత్తితో కొట్టిన ఎనిమిది రియాళ్ళ బిళ్ళలు సంచిలో సంచిలాగే ఉండిపోయి, ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి కరుచుకుని, పీచు తీయని కొబ్బరికాయంత నల్లటి ముద్దయ్యాయి. దాన్ని పైకి తెచ్చింది యూడోరా భర్త వాయట్. తెచ్చిన వారానికే ఇంకో మునకలో పోయాడు. ఊళ్ళోని మునకవాళ్ళం గాలి తిరగబడి అల్లకల్లోలమైన నీళ్ళలో రోజుల తరబడి వెతికి, శరీరాన్ని ఆమెకు తెచ్చి అప్పగించాం. ఆ వెతికినవాళ్ళలో ఎవరు ఏ వెండిబిళ్ళ తెచ్చినా ఆమె అప్పట్నుంచీ కొనుక్కుంటూ వచ్చింది. అలమరలో బిళ్ళ పక్కన బిళ్ళ, కింద తెచ్చినవాళ్ళ పేరు. నా పేరు మీద కూడా ఒక చిన్న బిళ్ళ ఉంది. జోలీన్ ప్రాథర్ అని, ఆమె చేతి రాతతోనే.

రేపు పాదిరి గారు రేవులో పడవలను దీవిస్తారు. ఆ వెంటనే మునిగిన వెండి కోసం ఈ ఏటి వేట మొదలవుతుంది. దీవెన అయ్యాక ఆమె ఆ ముద్దను ఊరి మ్యూజియానికి ఇచ్చి, మునకవాళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టుకోవాలనుకుంది. గుర్రాల డాక్టరు తన ఎక్స్‌రే మిషను రేవుకే తెచ్చి, ముద్ద లోపల బిళ్ళలు ఎలా పేర్చుకుని ఉన్నాయో తెర మీద అందరికీ చూపిస్తానని ఒప్పుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆ ముద్ద లేదు. దొంగ అని సెబియోను పట్టుకున్నారు. వెండి దొంగతనం మీద కేసు రాస్తే మునక లైసెన్సు రద్దవుతుంది, మళ్ళీ జన్మలో ఇవ్వరు. సెబియోకు, అంటే యూసేబియో మరేరోకు, అరవై దాటాయి. నీళ్ళలో దిగడం తప్ప అతనికి ఇంకో బతుకు తెలియదు.

నేను ఈ కేసు ఎందుకు తీసుకున్నానని రెన్‌ఫ్రో వెటకారంగా అడిగాడు. నేను మునక మాని ప్రైవేటు డిటెక్టివ్‌ను కాకముందు, ఓ పూట, నా గాలిగొట్టం నీటి అడుగున పాత ఓడ ఫిరంగి కింద ఇరుక్కుపోయింది. ఇసక రేగి చెయ్యి పెడితే చెయ్యి కనబడదు. ఆ చీకట్లో ఎవరిదో వేలు నా గుండె మీద తట్టింది. తర్వాత ఆ మనిషి నా చెయ్యి పట్టి తన గుండె మీద వేసుకున్నాడు. నీకొకటి, నాకొకటి. సెబియో తన నోట్లో గొట్టం తీసి నా నోట్లో పెట్టాడు. అలా ఒక్కో ఊపిరీ పంచుకుంటూ పైకి వచ్చాం. ఆ తర్వాత నేను పీల్చిన గాలంతా అతని వాటాలోదే.

విందులోంచి ముందుగా ఎందుకు లేచి వెళ్ళావని సెబియోను అడిగాను. పనుందన్నాడు. ఏం పని అంటే పనే అన్నాడు. యూడోరా ఇంటి తాళంచెవి తన దగ్గర ఉన్నమాట నిజమేనట. ఆమె నీళ్ళ డబ్బాలు ఎత్తలేదు కాబట్టి తొట్టికి వాననీళ్ళు పోసి వచ్చేది తనేనట. కానీ నిన్న ఆ గుమ్మం తొక్కలేదట. తన ట్రక్కులో పనిముట్ల పెట్టెలో రెన్‌ఫ్రోకు దొరికిన వెండిబిళ్ళ అక్కడికి ఎలా వచ్చిందో ఎరగనన్నాడు.

“గోళ్ళకి ఆ రంగేంటి?” అన్నాను.

“పడవ రంగు.”

“మీ పడవ తెల్లగా కదయ్యా ఉంది.”

తలుపు వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించాడు. తాను పనిచేసే కెప్టెన్ ఓడెల్ పడవకు ఈ ఏడు పేరు మారుస్తున్నారట. వెనక చెక్క మీద ‘వాయట్ క్విన్‌బీ’ అని నీలం అక్షరాలు రాస్తూ నిన్న సాయంత్రమంతా ఒక్కడే కూర్చున్నాడట. పైన టార్పాలిను పట్టా కప్పి ఉంచారు. రేపు దీవెనప్పుడు యూడోరా చేతే ఆ పట్టా లాగించాలని వాళ్ళ ముచ్చట.

“అదేదో చెప్పి చావొచ్చుగా, బయటపడతావు.”

“పడను. ఒంటరిగా ఉన్నాను, చూసినోడెవడు? సాక్ష్యం దక్కదు, పైగా ముసలావిడ సంబరం కాస్తా ముందే చచ్చిపోద్ది. నోరు కట్టుకో జో.”

నేను కట్టుకున్నాను. మొండివాళ్ళలో రెండు రకాలు. తమ కోసం మొండికేసేవాళ్ళు, ఎదుటివాళ్ళ కోసం మొండికేసేవాళ్ళు. రెండోరకంతో వేగడం మరీ కష్టం.

బయటికి రాగానే రెన్‌ఫ్రో ప్లాస్టిక్ సంచిలో ఉన్న బిళ్ళను నా ముక్కు ముందు ఆడించాడు. సంచి మీది నుంచే దాన్ని తిప్పి చూశాను. వెండి తెల్లగానే ఉంది. సిలువ గుర్తు, రాజముద్ర రెండూ సగం వాడిన సబ్బుబిళ్ళలా అరిగి నున్నబడ్డాయి.

“ఇది ముద్దలోది కాదు థాడ్. అలల్లో ఇసకతో పాటు దొర్లిన బిళ్ళ, రెండు పక్కలా ఒకేలా అరిగింది. ముద్దలోదైతే పక్కబిళ్ళ ఆనుకున్న చోట అర్ధచంద్రంలా మచ్చ పడుతుంది. పైగా ఆ ముద్దని రాత్రికి రాత్రి విడగొట్టి ఇంత తెల్లగా చెయ్యడం ఎవడబ్బ తరమూ కాదు.”

“కోర్టులో చెప్పు ఈ పాఠం, జడ్జిగారు నిద్రపోతారు. తాళం ఎవడి దగ్గరుంది? విందులోంచి ముందు ఎవడు లేచాడు? నాకు ఆ రెండూ చాలు, చేపల డిటెక్టివూ.”

మధ్యాహ్నం దాటాక వంతెన అవతలి కౌంటీ జైలుకు సెబియోను తీసుకెళ్ళిపోతానన్నాడు. ఒకసారి అక్కడ పేరు రాశాక రేపటి దీవెన లేదు, పడవ లేదు. నేను యూడోరా ఇంటికి బయల్దేరాను.

మిస్ యూడోరా నన్ను కౌగిలించుకుని, తిన్నావా అని అడిగి, సమాధానం వినకుండానే నిమ్మకాయ పై ముక్క కోసి పెట్టింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. సెబియో తీశాడంటే ఆమె నమ్మదు. కానీ మరి ఎవరు తీశారంటే చెప్పలేదు. ఆమెను వంటింట్లోనే ఉండమని ఎండగదిలోకి వెళ్ళాను.

తలుపుకు గీత కూడా పడలేదు. ఈ ఊళ్ళో ఎండగది తలుపుకు గడియ ఉంటుందిగానీ వేసే అలవాటు ఎవరికీ లేదు. ఆ లెక్కన రెన్‌ఫ్రో తాళంచెవి సాక్ష్యం గాలికి పోయినట్టే.

కిటికీ కింద బల్ల మీద గాజుతొట్టి. దాని పక్కన మేకుకు ఎప్పుడూ వేలాడే పెద్ద తువ్వాలు లేదు. బల్ల కింద మూత ఉన్న బకెట్ ఉంది. ముద్దను ఎక్కడికైనా కదపాల్సి వస్తే నీళ్ళతో సహా అందులో పెట్టి తీసుకెళ్ళడానికే యూడోరా దాన్ని అక్కడ ఉంచుతుంది. మూత తీశాను. అడుగున సాలీడు గూడు కట్టుకుని, గూట్లో గుడ్లు కూడా పెట్టింది.

మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి అద్దాన్ని చూశాను. పాత నీటిగీత, కొత్త నీటిగీత. ముద్ద లోపల ఎంత చోటు ఆక్రమించి ఉండేదో నీరు అంతే దిగింది. దొంగ గిన్నెడు నీళ్ళు కూడా వెంట తీసుకుపోలేదు. తువ్వాల్లో చుట్టి, తుడిచి, పొడిగా ఎత్తుకుపోయాడు.

సముద్రంలోంచి తీసిన వెండిని శుభ్రం చేసేదాకా ఆరనివ్వకూడదు. ఆరిందా, లోపల పట్టిన ఉప్పు పొంగి పొరలు పొరలుగా ఊడుతుంది. చూస్తూ ఉండగానే నల్లపొడి అవుతుంది. ఇది మాకు ఎవరూ నేర్పరు. పసివాడి తల పట్టుకోవడం తల్లికి ఎవరు నేర్పుతారు? ఈ ఊళ్ళో వెండి దొంగిలించినవాళ్ళు మునుపూ ఉన్నారు. ఒకడు ఐస్‌పెట్టెలో, ఒకడు వాంతి పట్టే గిన్నెలో, ఇంకొకడు తన రబ్బరు బూట్లో నీళ్ళు పోసి మరీ దొంగిలించాడు. దొంగతనానికి సిగ్గుపడకపోయినా, ఆరబెట్టడానికి సిగ్గుపడతారు.

మరి ఇతనెవడు? ఊరికి కొత్తవాడా? కొత్తవాడికి తొట్టి సంగతీ, విందు సంగతీ, సెబియో ట్రక్కు సంగతీ ఎలా తెలుసు?

అప్పుడు నా చూపు తొట్టి గోడల మీదికి పోయింది. అద్దం లోపలి వైపంతా ఆకుపచ్చటి పాచి. వేలితో రాస్తే జారింది. అదే కిటికీ గూట్లో ఊరగాయ జాడీ ఒకటి ఉంది. అందులో ఒకే ఒక్క నల్లబిళ్ళ. వాయట్ ముద్దను తెచ్చిన రోజున దాని అంచు నుంచి ఒక బిళ్ళ విరిచి, “ఇది నీది, మిగతాది రాజుగారిది” అని యూడోరా చేతిలో పెట్టాడట. ఆ మాట ఆమె నవ్వుతూ చెప్పగా చాలాసార్లు విన్నాను. జాడీ పైకెత్తి వెలుగులో చూశాను. అదే ఎండ, అదే వాననీళ్ళు. జాడీలో నీరు మాత్రం పాచి నలుసు లేకుండా తేటగా ఉంది.

వెనక నుంచి బూట్ల చప్పుడైంది. రెన్‌ఫ్రో. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం మర్యాద తెలిసినవాడు. యూడోరా మొహం అంత బాధలోనూ విప్పారింది. పైలో మిగిలిన పెద్దముక్క అతనికి పెట్టింది. నాకు పెట్టింది అందులో సగం.

నేను బకెట్ సంగతి ఎత్తాను. పాచి సంగతి మాత్రం నాలుక కింద దాచుకున్నాను.

“దొంగతనానికి వచ్చినోడు బకెట్లో నీళ్ళు పట్టుకుంటూ కూర్చుంటాడా?” అన్నాడు రెన్‌ఫ్రో నోట్లో పై ముక్క పెట్టుకుని. “గుడ్డలో చుట్టాడు, చంకలో పెట్టాడు, పోయాడు. తొందర్లో ఉన్నోడికి తడేంటి, పొడేంటి?”

“సెబియోకి చిన్నప్పట్నుంచీ అదే చాదస్తం. చచ్చినా ఆరబెట్టడు. మీ నాన్న మాత్రం ఆరబెట్టేవాడా?”

“మా నాన్న ఊసు నీకెందుకు?”

అతని తండ్రీ మునకమనిషే. ఆ సంగతి థాడ్‌కు నచ్చదు. ఫోర్కు కింద పెట్టి నా చేతిలో జాడీ వైపు చూశాడు. అదేమిటని యూడోరాను అడిగాడు. ఆమె చెప్పింది. అదే ముద్దలోంచి విరిచినదని, విరిగిన అంచు ఇప్పటికీ ఊడిన పన్నులా ముద్ద మీది గుంటలో సరిగ్గా కూర్చుంటుందని కూడా చెప్పింది. నేను జాడీ గూట్లో పెట్టేశాను. కానీ అతని చూపు అక్కడే ఒక క్షణం ఎక్కువ నిలబడింది. మిగిలిన ముక్క గబగబా మింగి, సెబియోను జైలుకు చేర్చాలని లేచాడు. గుమ్మం దగ్గర యూడోరా అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

కారు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

“మిస్ యూడోరా, తొట్టికి ఈ పాచి ఎప్పట్నుంచి?”

“సిగ్గేస్తోంది తల్లీ, చూడకు. వారం వారం తోముతానే ఉన్నా, మళ్ళీ పచ్చగా పట్టేస్తోంది. ముందు ఇలా ఉండేది కాదు. మా అమ్మ పాలల్లో వెండి చెంచా వేసి ఉంచేది, విరక్కుండా. వెండి ఉన్న నీళ్ళు చెడవు అనేది. ఏమో, వయసు మీద పడి నా కళ్ళూ చేతులూ మొద్దుబారాయి అనుకున్నా.”

“ముందు అంటే ఎప్పుడు?”

“తుఫానుకి ముందు.”

మా ఊళ్ళో కాలానికి అదే సరిహద్దు. తుఫానుకు ముందు, తుఫాను తర్వాత. రెండేళ్ళ కిందట ఆ గాలికి ఆమె ఇంటి కప్పు లేచిపోయింది. అందరూ వంతెన దాటి వెళ్ళిపోయారు. ముద్దను వదిలి రానని ఆమె కూర్చుంది. ఆ తర్వాత జరిగింది ఆమె చెబుతుంటే గొంతు మెత్తబడింది, ప్రార్థన చదువుతున్నట్టు. నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి వచ్చాడట. ఆమెను భుజాన వేసుకుని పడవలో కూర్చోబెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళాడట. ముద్దను ఆ బకెట్లో పెట్టి, మూత బిగించి, బొట్టు ఒలకకుండా నెత్తిన పెట్టుకుని తెచ్చాడట. ఇంటికి కప్పు వేసేదాకా తన ఇంట్లోనే నీళ్ళు మారుస్తూ కాపాడి, ఆకురాలే కాలం దాటాక తెచ్చి ఇచ్చాడట.

“ఆ బిడ్డ రాకపోయుంటే వాయట్‌నీ, వాయట్ గుర్తునీ రెండిటినీ సముద్రమే తీసుకునేది. నేనూ ఉండేదాన్ని కాదు. రేపు రేవులో అందరికన్నా ముందు అతని పేరే పిలుస్తాను జో. దేవుడి తర్వాత దండం అతనికే.”

“ఎవరు మిస్ యూడోరా?” అడిగానుగానీ నాకు తెలిసిపోయింది.

“థాడ్. ఇంకెవరు?”

కుర్చీలో కూర్చున్నాను. ఒక్కో ముక్కా దాని గుంటలో అది వచ్చి కూర్చుంది. తుఫాను తర్వాత తీరమంతా మూసేసినప్పుడు ఇసకలో తిరిగింది పోలీసులే. ఇసకలో దొర్లిన బిళ్ళ దొరకాలంటే వాళ్ళకే దొరకాలి. అలాంటిదొకటి సెబియో ట్రక్కులో వేసింది థాడే. ఇంట్లో నెలల తరబడి ముద్ద ఉంటే దాని అచ్చు తీయడానికి తీరిక ఎంత కావాలన్నా ఉంది. సిమెంటు, గవ్వల పొడి, నాలుగు ఇనపముక్కలు, పైన నల్లరంగు. మునకవాడి కొడుక్కి అది ఎలా కనబడాలో తెలుసు. అసలుది తన దగ్గర ఉంచుకుని ఆ నకిలీనే యూడోరాకు తెచ్చి ఇచ్చాడు. రేపు గుర్రాల డాక్టరు మిషను కింద పెడితే ఊరందరి ముందూ దాని కడుపులో ఏముందో తెలిసిపోయేది. అందుకని ఎత్తుకుపోయాడు. సిమెంటును తడిగా మోయాల్సిన అవసరం ఏముంది? తువ్వాలు చాలు.

యూడోరా ముందు ఇదంతా దాచడం తప్పనిపించింది. చెప్పాను. ఆమె తొట్టి వైపు చూసింది.

“రెండేళ్ళు నేను దేనికి నీళ్ళు పోయించాను జో?”

ఆమె లేచి వెళ్ళి జాడీని గుండెకు హత్తుకుని తెచ్చింది.

“థాడ్ నన్ను మోసిన మాట నిజం,” అంది నెమ్మదిగా. “అది అబద్ధం కాదు కదా?”

“కాదు. అది నిజమే.”

“అయితే దానికి దండం పెడతాను. దీనికి మాత్రం వాడు సమాధానం చెప్పాలి.”

అప్పుడే వీధి మలుపులో కారు చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే రెన్‌ఫ్రో కారే. వెనక సీట్లో సెబియో. జైలుకు పోయే దారి ఇటు కాదు. ఎందుకు వచ్చాడో ఇద్దరికీ అర్థమైంది. అసలు ముద్ద ఎక్కడ ఉన్నా, ఏ కొనుగోలుదారు ఇంట్లో ఉన్నా, దాని మీద యూడోరా పేరు రాయగలిగినది ఆ జాడీలో బిళ్ళ ఒక్కటే.

నా ఫ్లాస్కులో కాఫీ తొట్టిలో ఒంపేశాను. యూడోరా డబ్బాలోంచి వాననీళ్ళు ముంచి ఫ్లాస్కు కడిగి, మళ్ళీ నింపింది. నల్లబిళ్ళ జాడీ నీళ్ళలోంచి ఫ్లాస్కు నీళ్ళలోకి మారింది. గాలి తగిలింది రెప్పపాటే. జాడీలో వేయడానికి కిటికీ గూట్లో వాయట్ గాలం తాళ్ళ పక్కన చదునైన సీసపు బరువు ఉంది. పాతబడి నల్లబడింది. అది వేసి మూతపెట్టి, ఫోన్ చేసి కెప్టెన్ ఓడెల్‌కు ఏం చెప్పాలో ఆమె చెవిలో చెప్పాను. అతని పడవ వంతెన దగ్గర ఉప్పుటేరులోనే కట్టేసి ఉంది. అది పైకి లేచే వంతెన, పడవ అడిగితే ఎత్తాలి, ఎవరి కారు ఆగినా సరే.

రెన్‌ఫ్రో లోపలికి వచ్చి, ఆ బిళ్ళ కూడా సాక్ష్యమేనని, తన దగ్గర భద్రంగా ఉంటుందని చెప్పాడు. యూడోరా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి తెచ్చిందో ఆమెకే తెలియాలి. “నీ దగ్గరుంటే భద్రమే నాయనా,” అని జాడీ చేతిలో పెట్టింది.

నేను అతని చేతులనే చూస్తున్నాను. జాడీ అందుకోగానే రెన్‌ఫ్రో మూత బిగువు చూసుకున్నాడు. కళ్ళ దాకా ఎత్తి నీటి మట్టం చూశాడు. అంచుకు కాస్త తక్కువగా ఉంది. కుళాయి వైపు వెళ్ళలేదు. వాననీళ్ళ డబ్బా వంచి, జాడీ అంచు దాకా నింపి, మళ్ళీ మూత పెట్టి, రెండు చేతులతో నిటారుగా పట్టుకుని నడిచాడు. కారులో ముందు సీటు మీద పెట్టి దానికి బెల్టు కూడా కట్టాడు.

తొందర్లో ఉన్నవాడికి తడేంటి, పొడేంటి అన్న మనిషి.

యూడోరా నా వైపు చూసింది. ఆమె కూడా అది గమనించింది. అసలు వెండి అనుకున్నదాన్ని ఈ ఊరి చెయ్యి ఎలా పట్టుకుంటుందో ఇద్దరికీ తెలుసు.

నేను వెనక తలుపు తీసి సెబియో పక్కన కూర్చున్నాను. ఎక్కడికని రెన్‌ఫ్రో అడిగాడు. జైల్లో ఇతని తరఫున సంతకం పెట్టేవాళ్ళు ఉండాలిగా అన్నాను. గుమ్మంలో యూడోరా చెయ్యి ఊపుతూ నిలబడి ఉంది. ఆమె ముందు నన్ను దింపడానికి అతని దగ్గర మాట లేదు. తలుపు మూసుకుంది. పోలీసు కారు వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. అది నాకు తెలిసే ఎక్కాను.

దారిలో సెబియో నా ఒళ్ళో ఫ్లాస్కు వంక, నా మొహం వంక చూసి ఏమీ అడగలేదు. నీళ్ళ కింద మాటలుండవు. ఆ అలవాటు ఒడ్డు మీద కూడా పోదు.

వంతెన మొదట్లోకి వచ్చేసరికి గంట మోగింది. అడ్డుకర్ర దిగింది. ముందున్న రోడ్డు రెండుగా చీలి ఆకాశంలోకి లేచింది. రెన్‌ఫ్రో తిట్టుకుంటూ బ్రేకు వేశాడు. కింద ఓడెల్ పడవ వచ్చి సరిగ్గా వంతెన గొంతులో ఆగి, ఇంక కదల్లేదు. రెండు వైపులా ఒడ్డు మీద మునకవాళ్ళ ట్రక్కులు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతున్నాయి. పడవ వెనక పట్టా తీసేసి ఉంది. ఎండలో నీలం అక్షరాలు ఇంకా తడి ఆరనట్టే మెరుస్తున్నాయి.

“ఓడెల్ గాడికి తొందరెక్కువ,” అన్నాడు సెబియో విసుగ్గా. “రేపు కదా ఆవిడ లాగాల్సింది.”

రెన్‌ఫ్రో ట్రక్కులు చూశాడు. పడవ పేరు చూశాడు. తర్వాత నెమ్మదిగా బెల్టు విప్పి, జాడీ తీసి, వెలుగుకు ఎత్తాడు. నీళ్ళలో నల్లబిళ్ళ ఒక్కసారి పల్టీ కొట్టింది. దాని నడుమ గాలం తాడు దూర్చే చిల్లు, అవతలి ఆకాశం కనబడేంత స్పష్టంగా కనబడింది.

అతను తల తిప్పలేదు. అద్దంలోంచే నా ఒళ్ళోని ఫ్లాస్కును చూశాడు. ఎడమచెయ్యి స్టీరింగు మీదే ఉంది. కుడిచెయ్యి మాత్రం నడుముకున్న తుపాకీ వైపు దిగింది. ట్రక్కుల తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు వినబడుతోంది, కానీ అవి ఇంకా దూరంగానే ఉన్నాయి.

బేడీలు ఉన్న చేతుల్లోంచి ఒక వేలు చాచి సెబియో నా మణికట్టు మీద తట్టాడు. తర్వాత తన మణికట్టు మీద తట్టుకున్నాడు.

నీకొకటి, నాకొకటి.

నేను ఫ్లాస్కు మూత ఇంకో చుట్టు బిగించి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.